కాలువ గట్టు మలుపులో కారు నిలబడాలంటే

(రావులపాలెంలో టాక్సీ డ్రైవర్లు, మెకానిక్‌లు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక రిటైరైన ఆటోమొబైల్ లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆయన మాట తీరు మార్చలేదు. తిరిగి తిరిగి వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. భోజనాలయ్యాక పెట్టారు నా ప్రసంగం, ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు కునికిపాట్లు పడకపోతే చాలు. (నవ్వులు)

నన్ను పిలిచిన కుర్రాళ్లు ఫోన్లో అడిగింది ఒక్కటే ప్రశ్న. "మాస్టారూ, అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, చేయించాం, మెషిన్ మీద అన్నీ పచ్చగా వచ్చాయి, అయినా మలుపులో బండి వెనకభాగం తేలిపోతున్నట్టుంది, ఎందుకు?" అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు నేను ముందే చెప్పేస్తాను, తర్వాత వివరం చెప్పుకుందాం. మీలో చాలామంది చేయించింది ముందు రెండు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో ఎంత చూస్తున్నాయన్న కోణం. అంతే. వెనక చక్రాలను ఎవరూ పట్టించుకోలేదు. మలుపులో బండి నిలబడేదీ, తిరగబడేదీ చాలావరకు ఆ వెనక చక్రాల దగ్గరే తేలుతుంది.

ముందు మన రోడ్ల సంగతి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అక్కణ్ణుంచి తూర్పు డెల్టాకి, మధ్య డెల్టాకి, పశ్చిమ డెల్టాకి కాలువలు వెళ్లాయి. మన ఊళ్ల రోడ్లు చాలావరకు ఆ కాలువ గట్ల మీదే పుట్టాయి. కాలువ ఎక్కడ తిరిగితే రోడ్డూ అక్కడే తిరుగుతుంది. నీళ్లు పారడానికి గీసిన వంపు అది. అరవై మీద వచ్చే కారుని దృష్టిలో పెట్టుకుని ఎవరూ గీయలేదు. పదహారో నంబరు హైవే మీద మలుపు వస్తే రోడ్డు బయటి అంచు ఎత్తుగా కట్టి ఉంటుంది, బండిని అది లోపలికి పట్టుకుంటుంది. గట్టు రోడ్లకి చాలాచోట్ల ఆ ఏర్పాటు లేదు. మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు, వాన నీరు పోవడానికి. అంతే.

ఇప్పుడు ఆలోచించండి. మనం ఎడమ పక్కన నడుస్తాం. మన సగం రోడ్డు ఎడమకి వాలి ఉంటుంది. కుడి మలుపు వచ్చింది. బండి బయటికి, అంటే ఎడమకి, నెట్టుకుపోవాలని చూస్తుంది. రోడ్డు వాలు కూడా ఎడమకే. రెండూ ఒకే పక్క. ఆ ఎడమ పక్కన ఏముంటుందండీ?

"కాలువ!"

ఆయ్, కాలువే. ఎడమ మలుపులో వాలు మనకి కొంత సాయం చేస్తుంది. అందుకే ఒకే బండి, ఒకే స్పీడు, ఎడమకి తిరిగేటప్పుడు బాగానే ఉన్నట్టనిపించి, కుడికి తిరిగేటప్పుడు గుండె జారుతుంది. కొందరు దీన్ని అలైన్‌మెంట్ లోపం అనుకుని షాపుకి పరిగెడతారు. సగం తప్పు రోడ్డుది.

ఇంకా మన రోడ్ల ప్రత్యేకతలు మీకు నేను చెప్పాలా? బురద పొలంలో వాడే ఇనప దమ్ము చక్రాలతో ట్రాక్టరు రోడ్డెక్కితే తారు మీద గాట్లు పడతాయి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. భీమవరం, నరసాపురం వైపు రొయ్యల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి, ఎండాకాలంలో కూడా రోడ్డు తడిగా ఉంటుంది. నేల బంకమట్టి, వానకి ఉబ్బి ఎండకి కుంగి రోడ్డు అంచులు పగులుతాయి. ఇవన్నీ టైరు పట్టుని తగ్గించేవే, చక్రాల కోణాలను చెడగొట్టేవే.

ఒక చిన్న లెక్క చెప్తాను, బెదిరిపోకండి. యాభై మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకోండి. నలభై మీద తిరిగితే బండి బరువులో పావు వంతు బలంతో టైర్లు రోడ్డుని పట్టుకోవాలి. అరవై మీద తిరిగితే సగం కంటే ఎక్కువ కావాలి. స్పీడు ఒకటిన్నర రెట్లే పెరిగింది, కావాల్సిన బలం రెండుంపావు రెట్లు పెరిగింది. ఎనభై మీద అయితే బండి మొత్తం బరువంత బలం కావాలి. మామూలు కారు టైరు పొడి తారు మీద కూడా అంత ఇవ్వదు. తడి రోడ్డు మీద, అరిగిన టైరుతో, సగం దగ్గరే చేతులెత్తేస్తుంది. ఏ అలైన్‌మెంటూ ఈ లెక్కని మార్చలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "కోణాలు సెట్ చేయించాను, ఇక మలుపులో స్పీడు తగ్గించక్కర్లేదు" అనే ధైర్యంతో ఎవరూ ఇక్కణ్ణుంచి వెళ్లకూడదు.

మరి అలైన్‌మెంట్ ఏం చేస్తుంది? టైరుకి ఉన్న పట్టు వృథా కాకుండా చూస్తుంది. నాలుగు టైర్లూ తమ వాటా పని చేసేలా చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టు అయిపోతుంటే బండి ముందుగా డ్రైవర్‌కి తెలిసేలా జారుతుందా, చెప్పకుండా తోక తిప్పేస్తుందా అనేది తేలుస్తుంది. ముందు చక్రాలు మొదట జారితే స్టీరింగ్ తిప్పినా బండి తక్కువ తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక చక్రాలు మొదట జారితే ఆలోచించుకునే టైమ్ ఉండదు.

ఇక కోణాల దగ్గరికి వద్దాం. మూడున్నాయి. టో, క్యాంబర్, క్యాస్టర్. మనకి ఎక్కువ పని టోతోనే, కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

బండిని పైనుంచి చూస్తున్నారనుకోండి. రెండు ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరం, వెనక అంచుల మధ్య దూరం కంటే తక్కువుంటే టో ఇన్. ఎక్కువుంటే టో ఔట్. పాత రోజుల్లో అంబాసిడర్‌కి దారం కట్టి, స్కేలు పెట్టి చూసేవాళ్లు. నవ్వకండి, దారం సరిగ్గా కట్టడం తెలిసినవాడు ఇప్పటికీ తప్పు పట్టగలడు.

టో చెడితే ముందు తినేది టైరుని. పద్నాలుగు అంగుళాల రిమ్ము మీద ఒక్కో చక్రం ఒక్క మిల్లీమీటరు పక్కకి చూస్తోందనుకోండి. కిలోమీటరు నడిస్తే ఆ టైరు సుమారు 2.8 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినంత పని చేస్తుంది. ఇక్కణ్ణుంచి అమలాపురం సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఎనభై మీటర్లకు పైనే. ఒక మిల్లీమీటరుకి ఇంత. గుంతలో పడి టై రాడ్, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ, వంగినవాటికి మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా రావడం నేను చూశాను. టైరు మీద అరచేయి అడ్డంగా, లోపల్నుంచి బయటికోసారి, బయటినుంచి లోపలికోసారి రాయండి. ఒక వైపు నున్నగా ఉండి రెండో వైపు రంపంలా గీరుకుంటే టో చెడినట్టే. మెషిన్ కూడా అక్కర్లేదు.

ముందు చక్రాల టో మీద ఒక సంగతి. మన కుర్రాళ్లు కొందరు వీడియోలు చూసి, రేసు కార్లకి ముందు టో ఔట్ పెడతారట, మలుపులోకి చురుగ్గా దిగుతుందట, మనమూ పెట్టిద్దాం అంటున్నారు. పెడతారు, నిజమే. చురుగ్గా దిగుతుంది, అదీ నిజమే. ఆ ట్రాక్ మీద దమ్ము చక్రాల గాట్లు ఉండవు. ఎడమ చక్రం గాటులో పడిందనుకోండి, ఆ దెబ్బకి చక్రం కొంచెం వెనక్కి లాగబడి ఎడమకి తిరుగుతుంది. టో ఇన్ ఉంటే, లోపలికి చూస్తున్న చక్రం తిన్నబడుతుంది, బండి తన దారిన పోతుంది. టో ఔట్ ఉంటే, ముందే బయటికి చూస్తున్న చక్రం ఇంకా బయటికి చూస్తుంది, బండి దాని వెనకాలే పోతుంది. గట్టు మీద ఇది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. మీ బండికి కంపెనీ పుస్తకంలో ఏముందో అదే పెట్టించండి. చాలా చిన్న కార్లకి అది సున్నాకి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. ఆ హద్దులో సున్నా నుంచి కొద్దిపాటి టో ఇన్ వైపు ఉంటే మన రోడ్లకి హాయి.

ఇప్పుడు వెనక చక్రాలు. గోదారి మీద పడవ నడిపినవాళ్లు మీలో ఉంటారు. చుక్కాని ఎక్కడుంటుందండీ? వెనకాల. పడవ ముక్కు ఎటు చూసినా చివరికి పోయే దారిని తేల్చేది వెనకున్న చుక్కానే. కారుకి వెనక చక్రాలు అలాంటివే.

కుడి మలుపు తిరుగుతున్నారు. బరువు ఎడమ పక్కకి ఒరిగింది. వెనక ఎడమ చక్రం మీద భారం ఎక్కువగా ఉంది. ఆ చక్రం ముందు అంచు కొద్దిగా లోపలికి చూస్తుంటే, అంటే టో ఇన్ ఉంటే, అది బండి వెనకభాగాన్ని మలుపు లోపలి వైపుకే నెడుతుంది. తోక తిరగనివ్వదు. అదే చక్రం బయటికి చూస్తుంటే? బరువు పడే కొద్దీ వెనకభాగాన్ని కాలువ వైపు లాక్కుపోతుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా బస్సు కనిపించి బ్రేకు మీద కాలు వేశారు. బరువంతా ముందుకి దూకింది, వెనక చక్రాలు తేలికయ్యాయి, ఉన్న కాస్త పట్టూ పోయింది. పేపర్లో మర్నాడు "అదుపు తప్పిన కారు" అని వేస్తారు. అదుపు ఎందుకు తప్పిందో వెయ్యరు.

ఇంకో రకం ఉంది. వెనక రెండు చక్రాలూ ఒకే పక్కకి చూస్తుంటాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. బండి తిన్నగా పోవాలంటే స్టీరింగ్ కొంచెం వంకరగా పట్టుకోవాలి. వెనకాల నుంచి చూసినవాడికి బండి పక్కవాటంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఇలాంటి బండికి ఒక పక్క మలుపు బాగుంటుంది, రెండో పక్క మలుపు బెదిరిస్తుంది. చాలా షాపుల్లో ఏం చేస్తారంటే, ముందు టై రాడ్లు తిప్పి స్టీరింగ్‌ని తిన్నగా చేసి పంపేస్తారు. జబ్బు లోపలే ఉంది, జ్వరం కొలిచే గొట్టం మాత్రం మార్చారు.

"మాస్టారూ, మా స్విఫ్ట్‌కి వెనక అడ్జస్ట్‌మెంటే లేదన్నారు షాపులో."

నిజమే బాబూ, అబద్ధం చెప్పలేదు వాళ్లు. స్విఫ్ట్, డిజైర్, ఐ10, ఐ20 లాంటివాటికి వెనకాల అడ్డంగా ఒకే బీమ్ ఉంటుంది. అక్కడ తిప్పడానికి నట్టు లేదు. అయితే తిప్పలేకపోవడం వేరు, కొలవక్కర్లేదనడం వేరు. కొలిస్తే కదా బీమ్ వంగిందా, చక్రం బిగించే పొట్టి ఇరుసు, స్టబ్ యాక్సిల్, వంగిందా, బీమ్ ముందున్న రబ్బరు బుష్‌లు పోయాయా తెలిసేది. బుష్ పోతే మలుపులో బీమ్ మొత్తం కొద్దిగా పక్కకి తిరుగుతుంది, మీరు తిప్పకుండానే వెనక చక్రాలు స్టీరింగ్ పని చేస్తాయి. తేలిపోతున్నట్టు ఉండడానికి నేను చూసిన బండ్లలో ఇదే పెద్ద కారణం. కొద్దిపాటి తేడా అయితే స్టబ్‌కీ బీమ్‌కీ మధ్య షిమ్ము, అంటే పలచటి రేకు, పెట్టి సరిచేయొచ్చు. ఎక్కువుంటే వంగినదాన్ని మార్చాలి. వేడి చేసి, సుత్తితో కొట్టి తిన్నగా చేస్తాను అనేవాడి దగ్గర బండి పెట్టొద్దు. బొలెరోలాంటి కమాన్‌పట్టీల బండికి యు బోల్టులు వదులై వెనక ఇరుసు హౌసింగ్ పక్కకి జరిగిందేమో చూడాలి.

క్యాంబర్ గురించి కొంచెం. బండి ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పై అంచు లోపలికి వాలితే నెగెటివ్, బయటికి వాలితే పాజిటివ్. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా పాజిటివ్ వైపు ఒరుగుతుంది, టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. ముందే కొద్దిగా నెగెటివ్ ఉంటే, ఒరిగాక టైరు రోడ్డు మీద పూర్తిగా ఆనుతుంది. మలుపులో పట్టు కావాలంటే నెగెటివ్ పెంచమనేది ఇందుకే. పెంచుకుంటూ పోతే తిన్నగా పోయేటప్పుడు లోపలి అంచే రోడ్డుకి ఆనుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, లోపలి అంచు అరిగి తీగలు తేలేదాకా మీకు కనపడను కూడా కనపడదు. రోజూ అద్దెకి తిరిగే బండికి కంపెనీ చెప్పినదాని కంటే నెగెటివ్ పెంచడం నాకు ఇష్టం లేదు. సొంత సరదాకి చేయించుకునేవాళ్లు కూడా ఒక డిగ్రీ దగ్గర ఆగడం మంచిది. అంతకంటే ముఖ్యం, ఎడమా కుడీ సమానంగా ఉండాలి. అర డిగ్రీ తేడా వస్తే బండి పాజిటివ్ ఎక్కువున్న పక్కకి లాగడం మొదలుపెడుతుంది.

స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాలు, ఉన్న చిన్న కార్లలో క్యాంబర్‌కి కంపెనీ అడ్జస్ట్‌మెంట్ ఎక్కువగా ఉండదు. స్ట్రట్ కింద రెండు బోల్టుల రంధ్రాల్లో ఉన్న కాస్త సందుతోనో, క్యాంబర్ బోల్టు వేసో సరిచేస్తారు. ఇన్నోవాలాంటి డబుల్ విష్‌బోన్ బండికి, అంటే చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే బండికి, కింది ఆర్మ్ దగ్గర తిప్పి సరిచేసే క్యామ్ బోల్టులు ఉంటాయి. అవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, మన ఉప్పుగాలికి మరీను. అంతర్వేది, యానాం వైపు తిరిగే బండ్లయితే సర్వీసుకిచ్చినప్పుడల్లా వాటి మీద కాస్త గ్రీజు రాయించుకోండి.

క్యాస్టర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో, దాని పై కొన వెనక్కి వాలి ఉంటుంది. మలుపు అయ్యాక స్టీరింగ్ తనంతట తనే తిన్నబడేది ఎక్కువగా దీనివల్లే. తిప్పినప్పుడు బయటి చక్రానికి కాస్త నెగెటివ్ క్యాంబర్ కూడా ఇస్తుంది, అదొక లాభం. గుంతలో ఒక చక్రం గట్టిగా కొట్టుకుంటే ఆ చక్రం వెనక్కి జరిగి ఆ పక్క క్యాస్టర్ తగ్గుతుంది, బండి ఆ పక్కకే లాగుతుంది. సాధారణంగా ఇది అడ్జస్ట్‌మెంట్‌తో పోయేది కాదు. చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ గానీ, దాని బుష్ గానీ చూడాలి.

ఇప్పుడు అసలు పని. మెషిన్ ఎక్కించక ముందు చేయాల్సింది చెయ్యకపోతే ఆ కాగితానికి విలువ లేదు. మొదట గాలి. డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టికర్ ఉంటుంది, ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత అని. బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. మన పంక్చర్ షాపుల్లో అన్ని బండ్లకీ, నాలుగు చక్రాలకీ ఒకే పాయింట్లు కొట్టి పంపేస్తారు. వెనక టైర్లలో గాలి తక్కువుంటే అవి మలుపులో మెత్తగా పక్కకి ఒరుగుతాయి, కోణాలు ఎంత బాగున్నా తోక తేలుతుంది. ఇంటికెళ్లగానే పైసా ఖర్చు లేకుండా చేయగల పని ఇదొక్కటే.

తర్వాత లూజులు. బండి జాకీ మీద ఎత్తి, చక్రాన్ని ఎడమా కుడీ పక్కలు పట్టుకుని ఊపండి. ఆడితే టై రాడ్ ఎండ్. పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింటో, బేరింగో. లూజున్న జాయింట్ మీద టో సెట్ చేస్తే షాపు గేటు దాటేసరికి అది మారిపోతుంది. అలాగని "ముందు సెట్ చేసేయండి, జాయింట్లు వచ్చే నెల మార్పిస్తా" అనేవాళ్లు మీలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు)

ఇంకోటి, స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు. నలుగురు కూర్చుంటే కింద తగులుతోందని పెట్టిస్తారు. బండి ఎత్తు పెరుగుతుంది. ఎత్తు మారితే క్యాంబర్ మారుతుంది, టో మారుతుంది. పైగా బండి బరువు పైకి పోయి మలుపులో ఒరగడం ఎక్కువవుతుంది. ఒక్క వెనకాలే పెట్టిస్తే బండి ముందుకి వాలి క్యాస్టర్ తగ్గుతుంది. నన్నడిగితే పెట్టొద్దంటాను. పెట్టించి ఉంటే మాత్రం అలైన్‌మెంట్ మళ్లీ చూపించి తీరాలి. పైన క్యారియర్ మీద పెళ్లి సామాను కట్టినా బరువు పైకి పోవడం ఇంతే, కాకపోతే సామాను మర్నాడు దించేస్తారు.

షాపులో నిలబడి ఏం అడగాలి? నాలుగు చక్రాలకీ కొలవమనండి. చేయక ముందు కాగితం, చేసిన తర్వాత కాగితం, రెండూ తీసుకోండి. చేయక ముందు కాగితమే ఎక్కువ విలువైనది, ఏది వంగిందో చెప్పేది అదే. పని వరస కూడా చూడండి. వెనక చక్రాల పని మొదట, తర్వాత ముందు చక్రాల క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికంటే చివర ముందు టో. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది కాబట్టి ముందే టో బిగించేస్తే ఆ పని వృథా. రెండు టై రాడ్లూ సమానంగా తిప్పాలి. ఒక్కటే తిప్పి సరిపెడితే స్టీరింగ్ ర్యాక్, అంటే టై రాడ్లని పక్కలకి నెట్టే పళ్ల కడ్డీ, మధ్యలో ఉండదు, ఎడమకి యూటర్న్ ఒక రకంగా, కుడికి ఒక రకంగా వస్తుంది. స్టీరింగ్ వంకరగా ఉందని ఆ స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి పళ్లు మార్చి బిగించేవాడు కనపడితే తాళం తీసుకుని వచ్చేయండి.

కాగితం చదివేటప్పుడు ఒక మెలిక ఉంది. కొన్ని మెషిన్లు డిగ్రీలూ నిమిషాల్లో చూపిస్తాయి, కొన్ని దశాంశాల్లో. అరవై నిమిషాలు ఒక డిగ్రీ. ముప్ఫై నిమిషాలంటే 0.50. పుస్తకంలో 0°30' అని ఉంటే మెషిన్‌లో 0.30 పెట్టేసిన షాపులు ఉన్నాయి. రెంటికీ మధ్య పన్నెండు నిమిషాల తేడా. మెకానిక్ సోదరులు ఇది దయచేసి రాసుకోండి.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

"అన్నీ చేయించినా తిన్నటి రోడ్డు మీద ఎడమకి లాగుతుందండీ."

చెప్పాను కదా, రోడ్డు వాలే ఎడమకి. కొద్దిగా లాగడం సహజం. ఎక్కువగా ఉంటే ముందు టైర్లు రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి నడపండి. టైరు మీద ఒక పక్కకే తిరగమని బాణం గుర్తు ఉంటే మాత్రం ఇది చెయ్యకండి. లాగడం కుడికి మారిందంటే లోపం టైరులో ఉంది. మారలేదంటే కోణాల్లోనో, బ్రేకు పట్టేయడంలోనో ఉంది. వెళ్లొచ్చాక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒక రిమ్ము మరీ వేడిగా ఉంటే బ్రేకు వదలడం లేదని అర్థం.

"కొత్తవి రెండు టైర్లే కొన్నాను మాస్టారూ. ముందు వెయ్యమంటారా, వెనకా?"

వెనక. తెలుసు, ఇక్కడ సగం మంది ఒప్పుకోరు. ఇంజన్ తిప్పేది ముందు చక్రాల్ని, స్టీరింగ్ ముందు, బ్రేకు బరువు ముందు, కొత్తవి వెనక వేసి ఏం లాభం అంటారు. నేను ఇందాక చెప్పిన మాటే మళ్లీ. తడి మలుపులో ముందు చక్రాలు జారితే స్టీరింగ్ తేలికైపోయి మీ చేతికి తెలుస్తుంది, కాలు తీస్తారు. వెనకవి నీటి మీద తేలితే చేతికి ఏమీ తెలియదు, కళ్లకి కాలువ కనపడుతుంది. టైరు కంపెనీలు కూడా వెనకే వెయ్యమంటాయి. అలాగని ముందు బోడి టైర్లతో తిరగమని కాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే చట్ట ప్రకారం కూడా మార్చాల్సిందే, వానాకాలానికి అంతకంటే ముందే మార్చండి.

"మారేడుమిల్లి ఘాటీకి వెళ్లేటప్పుడు వేరే సెట్టింగ్ ఏమైనా పెట్టించాలా?"

అక్కర్లేదు. నిండు బండితో వెళ్తున్నారు కాబట్టి స్టికర్ మీద నిండు బండికి చెప్పిన గాలి కొట్టించండి. డిక్కీ నిండా కొబ్బరి బొండాలు వేసుకుని వెళ్లకండి, వెనక కుంగి ముందు లేచి స్టీరింగ్ గాల్లో ఉన్నట్టవుతుంది. దిగేటప్పుడు మలుపులోకి రాక ముందే గేరు దించి, బ్రేకు పని మలుపుకి ముందే ముగించేయండి.

"ఈఎస్‌సీ ఉన్న బండ్లకి అలైన్‌మెంట్ తర్వాత ఇంకేమైనా చేయాలా అండి?"

చేయాలి. ఈఎస్‌సీ అంటే బండి జారుతుంటే తనే ఒక్కో చక్రానికి బ్రేకు వేసి నిలబెట్టే ఏర్పాటు. దానికి స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది. అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ తిన్నగా ఉండే చోటు మారి ఉండొచ్చు. స్కానర్ పెట్టి ఆ సెన్సర్‌కి "ఇదీ సున్నా" అని చెప్పించాలి. లేకపోతే మీరు తిన్నగా పోతుంటే తిరుగుతున్నారని అనుకుని, అక్కర్లేని చోట ఒక చక్రానికి బ్రేకు వెయ్యొచ్చు. డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే బల్బు పీకించొద్దు, సెన్సర్ చూపించండి.

ఇక మాటలు చాలు. షెడ్డులో ర్యాంపు ఖాళీగా ఉందన్నారు. ఇందాక స్విఫ్ట్ గురించి అడిగిన తమ్ముడు ఎక్కడ? నీ బండి తాళం ఇవ్వు బాబూ. ముందు గాలి చూద్దాం, తర్వాత జాకీ ఎత్తి బీమ్ బుష్‌లు చూద్దాం. మెషిన్ చివర్లో.